మాట నిలబెట్టుకున్న కథ, మాట తప్పిన కథ

ఒకే ధారావాహిక, ఒకే రచయిత, ఒకే భూతాలు. మధ్యలో ఐదేళ్లు. బీబీసీ ‘డాక్టర్ హూ’లో 2007 జూన్ 9న ‘బ్లింక్’ ప్రసారమైంది. 2012 సెప్టెంబర్ 29న ‘ది ఏంజెల్స్ టేక్ మాన్‌హాటన్’ వచ్చింది. రెండూ స్టీవెన్ మోఫాట్ రాసినవే. రెండింటిలోనూ భయపెట్టేది రాతి విగ్రహాల్లా నిలబడే ‘వీపింగ్ ఏంజెల్స్’. రెండింటిలోనూ అవి తాకిన మనిషి గతంలోకి వెళ్లి పడతాడు, అక్కడే ముసలివాడై పోతాడు. అయినా మొదటి ఎపిసోడ్ ఎన్నిసార్లు చూసినా చెక్కు చెదరదు. రెండోది ఏడిపిస్తుంది, కన్నీళ్లు ఆరగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇలా కథలో కంతలు వెతకడం రసభంగమని చాలామంది అంటారు. లాజిక్ వెతకొద్దు, మ్యాజిక్ చూడమన్న మాట మన సినిమా కబుర్లలో రోజూ వినేదే. సైన్స్ ఫిక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాటకు ఇంకాస్త బలం వస్తుంది. టార్డిస్ అనే నీలం రంగు పోలీసు పెట్టెలో కాలాల వెంట తిరిగే డాక్టర్ కథలో తర్కమేమిటని అడుగుతారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ఏదైనా జరగగలిగిన లోకంలోనే తర్కం ఎక్కువ కావాలి. సాంఘిక కథకు మనం బతికే లోకమే పూచీ పడుతుంది. మనిషి గోడలోంచి నడిచి పోలేడని అక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు. అద్భుత కథకు ఆ పూచీ ఉండదు. ఏది సాధ్యమో, ఏది కాదో రచయితే చెప్పాలి, చెప్పాక దానికి కట్టుబడాలి. ఆ కట్టు తెగితే పాత్రలకు వచ్చిన ప్రమాదం ప్రమాదంలా అనిపించదు, వాళ్లు చేసిన త్యాగానికి విలువ మిగలదు.

తప్పులన్నీ ఒక్కటి కావు

ముందుగా ఒక విభజన చేసుకోవాలి. కాలంలో ప్రయాణం అసాధ్యం కదా అనడం కథలో తప్పు పట్టడం కాదు. అది కథ మనతో కుదుర్చుకున్న మొదటి ఒప్పందం. ఒప్పుకున్నవాళ్లే కూర్చుని చూస్తారు.

రెండోది పూర్వాపర విరోధం. ముందు చూపిన దానికీ తర్వాత చూపిన దానికీ పొసగకపోవడం. ఇందులో చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. ఒక షాట్‌లో నిండుగా ఉన్న గ్లాసు మరుసటి షాట్‌లో సగమైతే అది చిన్నది. సన్నివేశాలను కథ వరుసలో తీయరు కాబట్టి ఏ చేతిలో ఏముందో, జుట్టు ఎటు దువ్వి ఉందో రాసిపెట్టుకోవడానికే సెట్ మీద కంటిన్యుటీ చూసే మనిషి ఉంటారు. పెద్దది తేదీల దగ్గర వస్తుంది. 1975లో వచ్చిన ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’లో డాక్టర్ వెంట తిరిగే సారా జేన్ తాను 1980 నుంచి వచ్చానంటుంది. 1983 నాటి ‘మాడ్రిన్ అన్‌డెడ్’లో ఆమె కాలంలో సైనికాధికారిగా పనిచేసిన బ్రిగేడియర్ 1977 నాటికే ఉద్యోగం మానేసి బడిలో పాఠాలు చెబుతుంటాడు. ఈ రెండు లెక్కలూ కలవవు. 1963లో మొదలై, 1989లో ఆగి, 2005లో మళ్లీ మొదలైన ధారావాహికలో ఇలాంటివి దొర్లక తప్పదు. వీటిని వెతికి పట్టుకోవడంలో ఆనందం ఉంది, కానీ ఆయా కథల విలువ వీటివల్ల తగ్గదు.

మూడోది అసలైన కంత. జరిగినదానికి కారణం లేకపోవడం, లేదా పాత్ర ఎదుట తేలిక దారి తెరుచుకుని ఉన్నా కథ దాన్ని చూడనట్టు సాగిపోవడం. దీన్ని ఎంత పెద్దగా కనిపిస్తోందని కాక, ఎక్కడ పడిందని చూసి తూచాలి. ప్రహరీగోడకు బారెడు పగులు వచ్చినా ఇంట్లో నిద్రపోవచ్చు, దూలం కింద జానెడు పగులు వస్తే పోలేం. ఈ కొలతనే రెండు ఎపిసోడ్లకూ వాడి చూద్దాం.

విగ్రహాల నియమం

‘బ్లింక్’ పెట్టిన నియమం చిన్నది. ఎవరైనా చూస్తున్నంతసేపూ ఏంజెల్ రాయి. చూపు తప్పిన క్షణం అది కదులుతుంది, అదీ మెరుపు వేగంతో. తాకిందంటే మనిషిని గతంలోకి పంపేసి, అతను ఇక్కడ బతకవలసిన రోజుల శక్తిని తింటుంది. రాయిగా మారడం దాని ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు, అది దాని శరీర ధర్మమని డాక్టర్ స్పష్టంగా చెబుతాడు. అందుకే అవి చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నట్టు నిలబడతాయి. ఒకదాన్నొకటి చూసుకుంటే రెండూ ఎప్పటికీ బిగుసుకుపోతాయి.

ఈ ఒక్క నియమంతో మోఫాట్ ఎన్ని పనులు చేయించాడో చూడండి. రెప్ప వేయకూడదన్న భయం ఇందులోంచే వచ్చింది. ఆ విగ్రహాల రూపానికి కారణమూ ఇదే. చివరికి శత్రువు ఓడిపోయే తీరు కూడా ఇందులోంచే పుట్టింది. కథానాయిక శాలీ స్పారో, ఆమెకు తోడుగా వచ్చిన లారీ నైటింగేల్ టార్డిస్‌లో దాక్కుంటే నాలుగు ఏంజెల్స్ దాన్ని చుట్టుముట్టి ఊపుతుంటాయి. టార్డిస్ వాళ్లిద్దరినీ అక్కడే వదిలేసి మాయమవుతుంది. మధ్యలో అడ్డు తొలగగానే నాలుగూ ఎదురెదురుగా ఒకదాన్నొకటి చూస్తూ దొరికిపోతాయి. గెలుపు కోసం రచయిత కొత్త ఆయుధమేదీ తేలేదు, మొదట చెప్పిన మాటనే చివర వాడుకున్నాడు. దర్శకురాలు హెటీ మెక్‌డొనాల్డ్ కూడా ఈ నియమాన్ని అంతే నిష్ఠగా పాటించింది. పాత్రలెవరూ చూడని సమయంలో సైతం ఏంజెల్ తెర మీద కదలదు. మనం చూస్తున్నాం కదా, మన చూపూ లెక్కలోకి వస్తుంది.

ఇందులో కంత లేదా? ఉంది. ఏంజెల్స్ దొరికిపోయిన నేలమాళిగలో వెలుగుతున్నది ఒక్క బల్బు. అది మాడిపోయిన రోజున చీకట్లో ఏ ఏంజెల్ ఏ ఏంజెల్‌ను చూస్తుంది? నిజానికి అంతకుముందే అవి ఆ దీపాన్ని ఆర్పడానికి ప్రయత్నిస్తూ కనిపిస్తాయి. దీనికి ఎపిసోడ్‌లో జవాబు లేదు. అయితే ఈ పగులు ప్రహరీలో ఉంది. శాలీ, లారీ ఆ రాత్రి బతికి బయటపడడానికి బల్బు ఎన్నాళ్లు వెలుగుతుందన్న సంగతితో పని లేదు.

‘మాన్‌హాటన్’కు చేరేలోగా ఈ నియమం ఒకసారి వంగింది. 2010 మే 1న వచ్చిన ‘ఫ్లెష్ అండ్ స్టోన్’లో డాక్టర్ సహప్రయాణికురాలు ఏమీ పాండ్ కళ్లు మూసుకుని ఏంజెల్స్ మధ్యగా నడవవలసి వస్తుంది. చూస్తున్నట్టు నటిస్తూ నడవమని డాక్టర్ చెబుతాడు. ఆమె చూస్తోందనుకుని అవి ఆగిపోతాయి. అవి భయంలో ఉన్నాయి కాబట్టి అలవాటు కొద్దీ ఆగుతాయని కథ సర్దిచెబుతుంది. కానీ శరీర ధర్మానికి అలవాటుతో పనేమిటి? చూపు పడితే రాయి, పడకపోతే కాదు అన్నదే ‘బ్లింక్’ ఇచ్చిన మాట. ఇక్కడ ఆ మాట ఏంజెల్ నమ్మకం మీదికి మారిపోయింది. అదే సన్నివేశంలో వాటి తలలు తెర మీద తిరగడం కూడా చూస్తాం. మూడేళ్ల క్రితం మన చూపుకున్న లెక్క ఆ రోజుతో పోయింది.

2012లో ఆ నియమాన్ని ఏకంగా పక్కన పెట్టారు. న్యూయార్క్‌లోని స్టాట్యూ ఆఫ్ లిబర్టీయే ఒక ఏంజెల్ అంటుంది ఎపిసోడ్. 1886లో ఆవిష్కరించిన ఆ విగ్రహం రాతిది కాదు. ఈఫిల్ రూపొందించిన ఇనుప చట్రం మీద రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేని రాగి రేకు కప్పినది. ఏంజెల్స్ నగరంలోని విగ్రహాలన్నింటినీ ఆక్రమించాయని కథ చెబుతుంది కాబట్టి రాగి సంగతి వదిలేద్దాం. చూపు సంగతిని మాత్రం వదలలేం. పీఠంతో కలిపి 93 మీటర్ల ఎత్తున్న విగ్రహం ఓడలు తిరిగే రేవులోంచి బయటికి వచ్చి, వేలాది కిటికీల ముందుగా నడిచి కథ జరిగే వింటర్ కీ హోటల్ పక్కన నిలబడుతుంది. ఆపడానికి ఒక్క కన్ను చాలు. పైగా న్యూయార్క్ నిద్రపోని నగరమని, అందుకే ఏంజెల్స్‌కు అక్కడ తిండికి లోటు లేదని ఎపిసోడే చెబుతుంది. నిద్రపోని నగరంలో ఎవరి కంటా పడకుండా అది ఎలా నడిచింది?

ప్రేక్షకులు ఎక్కువగా ఎత్తిచూపే తప్పు ఇదే. మన కొలత ప్రకారం మాత్రం ఇది అంత బరువైనది కాదు. స్టాట్యూ ఆఫ్ లిబర్టీని తీసేసినా కథ అలాగే నడుస్తుంది. ముగింపు దగ్గర ఏమీ, ఆమె భర్త రోరీ మేడ మీద తీసుకునే నిర్ణయానికి హోటల్లోని మామూలు ఏంజెల్స్ చాలు. పోస్టర్ కోసం తెచ్చిన దృశ్యం అది. కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, కథ బరువు మాత్రం దాని మీద లేదు.

తెలిసినది మారదా?

రెండు కథలకూ ఆధారమైన రెండో నియమం కాలం గురించినది. ఒకసారి తెలిసిపోయిన సంగతిని మార్చలేం అన్నది.

‘బ్లింక్’లో దీన్ని గొలుసులా అల్లారు. పాడుబడ్డ ఇంట్లో గోడకాగితం కింద శాలీ పేరుతో హెచ్చరిక ఉంటుంది. దాన్ని 1969లో చిక్కుకుపోయిన డాక్టర్ రాశాడు. స్నేహితురాలు కాథీ ఇంట్లోంచి మాయమైన క్షణంలోనే ఆమె మనవడు గుమ్మంలో ఉత్తరంతో నిలబడతాడు. కాథీ 1920లో హల్ నగరంలో తేలి, పెళ్లాడి, పిల్లల్ని కని రాసిన ఉత్తరమది. డీవీడీల్లో దాచిన డాక్టర్ మాటలకు శాలీ అప్పటికప్పుడు జవాబిస్తుంటే లారీ ఆ సంభాషణంతా రాసుకుంటాడు. ఆ కాగితాలే తర్వాత డాక్టర్ చేతికి చేరతాయి, 1969లో అతను చదివేది వాటినే.

అయితే డాక్టర్ మాటల్ని మొదట కూర్చినది ఎవరు? ఎవరూ కాదు. లారీ డాక్టర్ నుంచి రాసుకున్నాడు, డాక్టర్ లారీ కాగితం నుంచి చదివాడు. దీన్ని తప్పుగా లెక్కించేవాళ్లు ఉన్నారు. నేను లెక్కించను. ఇలాంటి వలయం సైన్స్ ఫిక్షన్‌లో 1941 నాటి రాబర్ట్ హైన్‌లైన్ కథ ‘బై హిజ్ బూట్‌స్ట్రాప్స్’ నుంచీ తెలిసినదే. గతంలోకి వెళ్లడమంటూ కుదిరితే అక్కడ జరిగేదంతా ముందే జరిగిన చరిత్రతో సరిపోవాలని రష్యన్ భౌతిక శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ ప్రతిపాదించిన సూత్రానికీ ఇది లోబడే ఉంటుంది. ముఖ్యంగా, కథ దీన్ని దాచదు. ఎక్కడ మొదలైందో తెలియని వలయమని మనకు చూపించి, ఆ ఆశ్చర్యాన్నే ముగింపుగా ఇస్తుంది.

‘మాన్‌హాటన్’ ఇదే నియమాన్ని ఒక పుస్తకం రూపంలో తెచ్చింది. సెంట్రల్ పార్కులో డాక్టర్ చదువుతున్న డిటెక్టివ్ నవలలో ఉన్నట్టుండి రోరీ పాత్రగా కనిపిస్తాడు. కాఫీ తేవడానికి వెళ్లిన అతన్ని ఏంజెల్స్ 1938కి పంపేశాయని అలా తెలుస్తుంది. ముందు పేజీలు చదవొద్దని, చదివితే అదే జరిగి తీరుతుందని డాక్టర్ ఆపుతాడు. ఏమీ, రోరీల కూతురైన రివర్ సాంగ్ చేతిని ఏంజెల్ పట్టులోంచి విడిపించాలంటే మణికట్టు విరగాలని పుస్తకంలో ఉంది. విరగకుండా బయటపడమని డాక్టర్ బతిమాలతాడు. ఆమె విరిచుకునే వస్తుంది, ఆ సంగతి అతని దగ్గర దాస్తుంది. ఇంతవరకు చాలా బాగుంది. ‘బ్లింక్’ నియమానికి ఇక్కడ మానవ సంబంధపు బరువు కూడా తోడైంది.

తర్వాతే గొలుసు తెగుతుంది. వింటర్ కీ హోటల్ గదిలో ముసలి రోరీ మంచం మీద చనిపోవడం అందరూ కళ్లారా చూస్తారు. నియమం ప్రకారం ఇది జరిగి తీరాలి. కానీ రోరీ, ఏమీ చేతులు పట్టుకుని మేడ మీది నుంచి దూకితే ఆ చావు చెరిగిపోతుంది. రోరీ ముందే చనిపోతే హోటల్లో ముసలివాడవడు కాబట్టి వైరుధ్యం పుట్టి ఏంజెల్స్ కోట కూలుతుంది. ఇది దాదాపు అసాధ్యమని డాక్టర్ ముందే అన్నాడు కాబట్టి ఇంతవరకు ఒప్పుకుందాం. అయితే కొద్ది నిమిషాల్లో శ్మశానంలో రోరీ పేరున్న సమాధి రాయి కనిపిస్తుంది, మిగిలిన ఒక్క ఏంజెల్ అతన్ని తాకుతుంది. ఇక మార్చలేమంటాడు డాక్టర్. చదివిన అక్షరం మారలేదు, చూసిన చావు మారింది, చెక్కిన పేరు మళ్లీ మారదు. ఒకే ఎపిసోడ్‌లో కాలానికి ఇన్ని రకాల గట్టిదనం ఎందుకు? కథకు ఎక్కడ ఏది కావాలో అక్కడ అది దొరికింది, అంతకుమించి కారణం కనిపించదు.

గతంలో మిగిలిపోయినవాళ్లు

అసలు పోలిక ఇక్కడ ఉంది. దూలం కింద చూడవలసిన చోటు ఇదే.

‘బ్లింక్’లో బిల్లీ షిప్టన్ అనే యువ పోలీసు అధికారి ఉన్నాడు. శాలీని చూసి మనసు పారేసుకుని ఫోన్ నంబరు అడుగుతాడు. కొన్ని క్షణాల్లో ఏంజెల్ తాకి 1969లో పడతాడు. అదే రోజు శాలీకి ఫోన్ వస్తుంది. ఆసుపత్రి మంచం మీద ముసలి బిల్లీ ఆమె కోసం ఎదురు చూస్తుంటాడు. అతనికి ఇది ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, ఆమెకు ఇంకా సాయంత్రమే. వాన వెలిసేదాకే అతనికి ఆయుష్షు ఉంది.

చూస్తున్నవారికి వచ్చే ప్రశ్న ఒకటే. డాక్టర్‌కు టార్డిస్ 1969లోనే తిరిగి దొరికింది కదా, బిల్లీని వెనక్కి ఎందుకు తీసుకురాలేదు? ఈ ప్రశ్నకు ఎపిసోడ్ ముందే జవాబు సిద్ధం చేసింది. శాలీకి సందేశం చేరాలంటే ఎవరో ఒకరు 1969 నుంచి 2007 దాకా రోజులన్నీ గడుపుతూ రావాలి. బిల్లీ ప్రచురణ రంగంలోకి, తర్వాత వీడియోల్లోకి, ఆ తర్వాత డీవీడీల్లోకి వెళ్లి డాక్టర్ మాటల్ని వాటిలో దాస్తాడు. అతను వెనక్కి వచ్చేస్తే డీవీడీలు ఉండవు, సందేశం ఉండదు, టార్డిస్ డాక్టర్‌కు చేరదు. సందేశం మోసుకెళ్లడానికి చాలా కాలం పడుతుందని, అందుకు క్షమించమని డాక్టర్ బిల్లీని అడగడం వెనకున్న బాధ ఇదే. బిల్లీ జీవితం పోవడమే కథను నడిపింది. అందుకే ఆసుపత్రి సన్నివేశంలో మనకు వచ్చే దుఃఖాన్ని ఏ ప్రశ్నా కదపలేదు.

ఇప్పుడు రోరీ, ఏమీలను చూద్దాం. రోరీని ఏంజెల్ గతంలోకి పంపింది. ఏమీ తనంతట తానే దాని వైపు చూపు తిప్పి, భర్త వెంట వెళ్లిపోయింది. సమాధి రాయి మీద ఎనభై రెండేళ్ల రోరీ పేరు కింద ఎనభై ఏడేళ్ల ఏమీలియా పేరు చేరింది. డాక్టర్ వాళ్లను ఇక చూడలేనంటాడు. కారణం, న్యూయార్క్ కాలం చిక్కుముడి పడిపోయిందని, ఇంకో వైరుధ్యం వస్తే నగరమే బద్దలవుతుందని.

కానీ రోరీ, ఏమీ జీవితాంతం న్యూయార్క్ పొలిమేర దాటకూడదని ఎవరైనా అన్నారా? రైలెక్కి మరో ఊరు వెళ్తే, అక్కడ డాక్టర్ దిగితే, అడ్డేమిటి? టార్డిస్‌కు దారి లేదనుకున్నా రివర్ మణికట్టుకు కట్టుకునే చిన్న కాలయంత్రం ఆ గందరగోళంలోంచి దూరి పోగలదని అదే ఎపిసోడ్‌లో చెప్పారు. పుస్తకాన్ని అచ్చు వేయించడానికి ఏమీకి పంపుతానని రివర్ చివర్లో అంటుంది. అంటే పుస్తకం అక్కడికి చేరగలదు. ఉత్తరం చేరగలదు. కూతురు చేరగలదు. ఒక్క వీడ్కోలు మాత్రమే శాశ్వతం.

సమాధి రాయి విషయంలో మోఫాట్ తన సొంత కథనే మరిచిపోయాడు. దాదాపు ఏడాది ముందు, 2011 అక్టోబర్ 1న వచ్చిన ‘ది వెడ్డింగ్ ఆఫ్ రివర్ సాంగ్’లో డాక్టర్ చావు మార్చలేని ఘటన అన్నారు. అతను తనలా కనిపించే యంత్రం లోపల దాక్కుని, లోకం తన చావును చూసేలా చేసి బతికిపోయాడు. రికార్డు ఒకలా ఉండి, నిజం మరోలా ఉండవచ్చని మనకు నేర్పింది ఆ కథే. అంత గట్టి చావును దాటిన మనిషికి రాయి మీది రెండు పేర్ల ముందు ఉపాయం తోచకపోవడాన్ని నమ్మడం కష్టం. ఆ రాయి కింద ఎవరున్నారో కూడా ఎవరూ చూడలేదు.

ఈ కంత ప్రహరీలోది కాదు. డాక్టర్ ఏడుస్తున్నది ఇక కలవలేమనే. కలవవచ్చని ప్రేక్షకుడికి తట్టిన మరుక్షణం ఆ ఏడుపు కింద నేల కదులుతుంది.

చేతిలోనే ఉన్న జవాబు

నన్ను అన్నిటికంటే బాధించే సంగతి ఇంకొకటుంది. ఈ కంతను పూడ్చే మట్టి ఆ ఎపిసోడ్‌లోనే ఉంది.

రోరీ ఎక్కడున్నాడో డాక్టర్‌కు చెప్పినది ఆ నవల. ఆ నవలను గతంలో అచ్చు వేయించినది ఏమీ. చివరి పేజీలో డాక్టర్‌కు వీడ్కోలు చెబుతూ వెనుకమాట రాసినదీ ఆమే. అంటే ఏమీ గతంలో ఉండిపోతేనే పుస్తకం ఉంటుంది, పుస్తకం ఉంటేనే రోరీ జాడ తెలుస్తుంది. ఇది అచ్చంగా బిల్లీ వలయమే. పైగా చదివిన అక్షరం మారదన్న నియమం ఈ ఎపిసోడే పెట్టుకుంది. వెనుకమాటలో ఉన్నది వీడ్కోలు. డాక్టర్ దాన్ని చదివాడు కాబట్టి వీడ్కోలు కూడా మారదు.

నిన్ను వెనక్కి తెస్తే ఆ పుస్తకం ఉండదు, పుస్తకం లేకపోతే మనం రోరీ దాకా వచ్చేవాళ్లమే కాదు అని డాక్టర్ చేత ఒక్క మాట అనిపిస్తే చాలు. న్యూయార్క్ కాలం చిక్కుముడి అక్కర్లేదు, నగరం బద్దలవుతుందన్న బెదిరింపూ అక్కర్లేదు. సెంట్రల్ పార్కులో డాక్టర్ చివరి పేజీ చింపేసే అలవాటు కూడా అప్పుడు కథకు ఆయువుపట్టయ్యేది. ఆ పేజీ చదవనంతవరకు ఏమీ తిరిగి రాగలదన్న ఆశ బతికి ఉంటుంది, చదివితే ముగిసిపోతుంది. అయినా చదవడం ఎంత పెద్ద నిర్ణయమయ్యేది! ‘బ్లింక్’ రాసినవాడికి ఇది తట్టకపోవడమే ఆశ్చర్యం.

న్యాయంగా చెప్పవలసినవి

రెండు ఎపిసోడ్ల పరిస్థితులు సమానం కావన్నదీ గుర్తుంచుకోవాలి. ‘బ్లింక్’ దాదాపు ఒంటరి కథ. చిత్రీకరణ సర్దుబాటు కోసం డేవిడ్ టెనంట్ డాక్టర్‌ను కొద్దిసేపే చూపించేలా రాశారు. బరువంతా కేరీ మల్లిగన్ నటించిన శాలీ మోసింది. ఏంజెల్స్ అంతకుముందు లేవు కాబట్టి నియమాలన్నీ రచయిత చేతిలో కొత్తగా ఉన్నాయి. ఎవరినీ శాశ్వతంగా సాగనంపవలసిన పని లేదు.

‘మాన్‌హాటన్’కు ఆ స్వేచ్ఛ లేదు. కేరన్ గిల్లన్, ఆర్థర్ డార్విల్ ఆడిన, 2010 నుంచి ప్రేక్షకులు ప్రేమించిన దంపతులను కథలోంచి తీసేయాలి. కాలయంత్రం ఉన్న ధారావాహికలో వీడ్కోలు రాయడమే అతి కష్టమైన పని, ఎందుకంటే అక్కడ ఏ తలుపూ పూర్తిగా మూసుకోదు. అయినా ఇంతకుముందు ఆ పని చక్కగా జరిగింది. 2006 జూలైలో వచ్చిన ‘డూమ్స్‌డే’లో రసెల్ టి. డేవిస్ డాక్టర్ వెంట తిరిగిన రోజ్‌ను సమాంతర విశ్వంలో వదిలేశాడు. శత్రువులను ఓడించడానికి ఏ చీలికను మూశారో, అదే రోజ్‌కూ డాక్టర్‌కూ మధ్య గోడ అయింది. గెలుపూ ఎడబాటూ ఒకే కారణం నుంచి వచ్చాయి. ‘మాన్‌హాటన్’లో గెలుపు మేడ మీది నుంచి దూకడంతో వచ్చింది, ఎడబాటు శ్మశానంలో మరో ఏంజెల్‌తో వచ్చింది. ఆ రెంటికీ మధ్య కార్యకారణ సంబంధం చాలా పలచన.

అయినా మేడ మీద ఆ ఇద్దరూ చేతులు పట్టుకునే క్షణం ‘బ్లింక్’లో ఎక్కడా దొరకదు. భర్త లేని లోకం అక్కర్లేదనుకున్న ఏమీ నిర్ణయం ఆమె స్వభావంలోంచి వచ్చింది. నటన విషయంలో, ప్రేమను చూపిన తీరు విషయంలో ‘మాన్‌హాటన్’దే పైచేయి. ‘బ్లింక్’కు 2008లో హ్యూగో అవార్డు వచ్చింది. ‘మాన్‌హాటన్’ 2013లో అదే అవార్డుకు పోటీలో నిలిచి గెలవలేదు. అవార్డులు విలువకు కొలమానాలు కావు గానీ, రెండోది కూడా ఆదరణ పొందిన ఎపిసోడేనని దీనివల్ల తెలుస్తుంది.

పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు ఇది. ‘బ్లింక్’ గొప్ప కథ. అందులోని కంత కథ అయిపోయిన తర్వాత మొదలవుతుంది. ‘మాన్‌హాటన్’ గొప్ప వీడ్కోలు, కానీ ఆ వీడ్కోలుకు కథ ఇచ్చిన కారణం నిలబడదు. నడిచే స్టాట్యూ ఆఫ్ లిబర్టీని క్షమించవచ్చు, ఎక్కి వెళ్లగలిగిన రైలును క్షమించలేం.

పాఠకులకు ఒక మనవి. ఈసారి సైన్స్ ఫిక్షన్ ఎపిసోడ్ చూస్తున్నప్పుడు గ్లాసులో నీళ్లు ఎంత ఉన్నాయో, గడియారం ఎంత చూపిస్తోందో వెతకడంతో ఆగకండి. కథ ఏ మాట ఇచ్చిందో రాసుకోండి. కష్టకాలంలో ఆ మాట మీద నిలబడిందా, కొత్త మాట తెచ్చుకుందా చూడండి. పాత్రలు ఏడుస్తున్నప్పుడు వాళ్ల ముందు తేలిక దారి ఏదైనా తెరిచి ఉందేమో వెతకండి. ఇలా చూస్తే ఆనందం పోతుందని భయపడకండి. గట్టి కథ ఈ పరీక్ష తర్వాత ఇంకా గట్టిగా కనిపిస్తుంది. కంతలు వెతికే ప్రేక్షకుడు కథకు శత్రువు కాదు. రచయిత ఇచ్చిన మాటను రచయిత కంటే ఎక్కువగా నమ్మినవాడు అతనే.